మార్తకు వచ్చిన వాగ్దానం

బోగోలు,
2 జనవరి 1959.

తమ్ముడు ఆదెయ్యకు అక్క ఎలిశబెతు దీవెనలు. మార్తకు మేనత్త ముద్దులు, రెండు బుగ్గలకూ సమంగా.

కొత్త సంవత్సరం ఆరాధన నిన్న బాగా జరిగింది. పాస్టరుగారు పెద్ద ప్రార్థన మొదలుపెట్టగానే బిట్రగుంట రైలు షెడ్డులో ఇంజను కూతేసింది. ఆయన ఆగారు, అది ఆగింది. ఆయన మొదలుపెట్టారు, అది మళ్లీ మొదలుపెట్టింది. ముప్పయ్యేళ్లు ఊరూరా తిరిగి వాక్యం చెప్పినదాన్ని, ఆరాధనలో నవ్వకూడదని నాకు తెలుసు. అయినా కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఎప్పటిలాగే వాగ్దానాల పెట్టె తిప్పారు. మీ పాళెంలో ఈ అలవాటు లేదు కాబట్టి మార్తకు చెప్పు: కళ్లు మూసుకుని పెట్టెలో చెయ్యి పెట్టాలి, చేతికందిన చీటీ తీసుకోవాలి. అందులో ఉన్న వాక్యమే ఆ ఏడాదికి దేవుడు ఆ మనిషికిచ్చిన మాట. రాలేనివాళ్లకు ఇంటివాళ్లు తీయొచ్చు. మార్తకు నేను తీశాను. కళ్లు మూసుకునే తీశానులే, అనుమానం వద్దు. నీళ్లు దాటేటప్పుడు నేను నీకు తోడుంటాను అని వచ్చింది. చీటీ ఇందులోనే పెట్టాను. నీకు తీయలేదు. అయ్యవారివి, నీకు కావలసిన వాక్యం నువ్వు వెతుక్కోగలవు.

అసలు సంగతి. మీ బడి ఐదో తరగతితో సరి. జూనులో మార్తను నా దగ్గరికి తీసుకురా. ఇక్కడ ఫస్టు ఫారంలో సీటుకు మాట్లాడాను. నాకు మోకాళ్లు లేవు, దానికి తల్లి లేదు. ఇద్దరం సర్దుకుంటాం.

నీ అక్క,
ఎలిశబెతు

*

పల్లెపాళెం,
ఇందుకూరుపేట తపాలా.
25 జనవరి 1959.

అక్కకు నమస్కారాలు.

నీ జాబు మాలకొండయ్య పడవలో వచ్చింది. బడి అరుగు మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయాడు. జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు.

ఇక్కడ పొద్దున పూట మంచు దట్టంగా ఉంటోంది. సరుగుడు కట్టెలు మోసుకుని పట్నం పోయే పడవలు కాలువలో వెళుతుంటాయి గదా, పడవ కనబడదు. తెరచాప కొస ఒక్కటే చెట్ల మీదుగా మెల్లగా కదిలిపోతుంది. పిల్లలు ఎక్కం మధ్యలో ఆపి చూస్తారు. నేనూ కోప్పడను, నేనూ చూస్తాను. అది ఎక్కడినుంచి వచ్చిందో ఎక్కడికి పోతోందో తెలియదు. కాసేపటికి ఎక్కాలు ఎక్కడ ఆపామో కూడా ఎవరికీ గుర్తుండదు.

మార్త నీ చీటీని అద్దం చట్రంలో దోపింది. వాళ్లమ్మ సారమ్మ చేసే పని అది మానలేదు. వంటకు కొలిచిన బియ్యంలోంచి పూటకొక పిడికెడు తీసి దేవుడి కుండలో వేస్తుంది. కుండ నిండింది గాని గుడిలో ఇచ్చి రాలేదు. ఈ నెల ఆరాధనకు వెళ్లలేదు. ఇంట్లోనే ప్రార్థన చేసుకుంటున్నాం.

చెంచమ్మ రెండు పూటలా వచ్చి వండిపెడుతోంది. ఇంట్లో మళ్లీ ఆడమనిషి అలికిడి ఉంటే మనసుకు హాయిగా ఉంది. మార్త మెడలో నల్లదారానికి ఒక గవ్వ కట్టింది. నీళ్ల గండాలు పోతాయట. నేను తీసెయ్యలేదు.

జూను సంగతి అప్పుడు చూద్దాం.

తమ్ముడు,
ఆదెయ్య

*

బోగోలు,
8 ఫిబ్రవరి 1959.

ఆదెయ్యా,

ఈసారి దీవెనలు చివర్లో, మిగిలితే.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కళ్లజోడు సరిగా లేదనుకున్నాను. ఆరాధన మానేశావు. బిడ్డ మెడలో గవ్వ కట్టనిచ్చావు. ఆడమనిషి అలికిడి హాయిగా ఉందని రాశావు. మూడూ పక్కపక్కన పెట్టి చదివితే ఏమర్థమవుతుందో నీకు నేను చెప్పాలా? దీపం కిందే చీకటి అని ఊరికే అన్నారా!

ఎవరీ చెంచమ్మ? వయసెంత? రెండో పెళ్లి చేసుకోవాలని ఉంటే చేసుకో. సారమ్మ పోయి మూడేళ్లు దాటింది, నువ్వు రాయివి కాదు, నేనేమీ అడ్డుపడను. కాని దానికోసం దేవుణ్ణీ బిడ్డనూ పక్కకు నెట్టడమెందుకు? మన అమ్మ నిన్ను నా చేతిలో పెట్టి కళ్లు మూసినప్పుడు నీకు నాలుగేళ్లు. చందమామ నీ వెంటే వస్తోందని, రాత్రి అన్నం దానికీ పెట్టమని ఏడ్చేవాడివి. అప్పటినుంచి నీ మనసులో ఉన్నది మాటల్లో పెట్టకుండా మబ్బుల్లోకి చూడటమే నీ పద్ధతి. పడవ తెరచాపల గురించి అరపేజీ రాసి, బిడ్డ చదువు గురించి ఒక్క ముక్క రాస్తావా?

'చూద్దాం' అన్నవాడు చూసినట్టు నేనెక్కడా వినలేదు. తీసుకొస్తావా, లేదా?

దీవెనలు మార్తకు మాత్రమే.
ఎలిశబెతు

*

పల్లెపాళెం,
1 మార్చి 1959.

అక్కా,

చెంచమ్మకు డెబ్బయ్యేళ్లు. పళ్లు నాలుగున్నాయి, అందులో రెండు కదులుతున్నాయి. నీ ఉత్తరంలో సంగతి చెబితే, వలకు ముడి వేస్తున్నదల్లా పక్కన పెట్టి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. "ఇద్దురు మొగుళ్లని గంగమ్మ ఎత్తకబోయింది. మూడో ఆయన అయ్యోరంటే, గంగమ్మే నాకొద్దంటాది" అంది. నేనూ నవ్వాను. చాలా రోజులైంది నవ్వి.

నవ్వాక చెప్పక తప్పదనిపించింది. నేను ఆరాధన మానింది ఎవరి కోసమూ కాదు. నువ్వు పంపిన చీటీ వల్ల.

నీళ్లు దాటేటప్పుడు తోడుంటానని దేవుడు ఈ బిడ్డకే ఎందుకు చెప్పాలి? ఈ ఏడాదే ఎందుకు చెప్పాలి? నీళ్లలో ఏదో రాబోతోందని ఆయనకు తెలిసే గదా ముందుగా చెప్పించాడు. పైగా తోడుంటానన్నాడే గాని, ఒడ్డు చేరుస్తానన్నాడా?

ఇక్కడినుంచి బస్సురోడ్డుకు, గుడికి, కాలువ మీద గంటన్నర ప్రయాణం తప్ప వేరే దారి లేదని నీకు తెలుసు. ఉప్పుటేరు వచ్చి కాలువలో కలిసే మలుపు దగ్గర, ఆ కార్తీకమాసపు వరదలో, పడవ తిరగబడింది. ఆ రోజు గెడ వేసి పడవ నడిపింది మాలకొండయ్యే. నలుగురిని బయటికి లాగాడు. దేవుడి బియ్యం మూట ఒళ్లో పెట్టుకుని గుడికి బయలుదేరిన సారమ్మ అతని చేతికందలేదు. జ్వరపడిన మార్తతో నేను ఇంట్లో ఉన్నాను. అప్పటినుంచి అతను నా కళ్లలోకి చూడడు, నేనూ చూడను.

ఆ తర్వాత కూడా ప్రతి ఆదివారం మార్తను తీసుకుని అదే పడవ ఎక్కాను. ఆ మలుపు దాటేదాకా దాని మణికట్టు పట్టుకుని కూర్చుంటాను. దిగాక చూస్తే నా వేళ్ల గుర్తులు ఎర్రగా పడి ఉంటాయి. అది ఒక్కనాడూ నొప్పి అనలేదు. నీ చీటీ వచ్చాక ఆ పాటి ధైర్యం కూడా పోయింది.

ఒకటే కల వస్తోంది. పడవ మంచులో పోతుంటుంది. మార్త ముందు కూర్చుని ఉంటుంది. గెడ వేసేది ఎవరో కనబడదు. నేను ఒడ్డు వెంట పరుగెడుతుంటాను. పరుగెత్తిన కొద్దీ ఒడ్డు మెత్తబడి నీళ్లయిపోతుంది. మార్త నావైపు తిరిగి ఏదో చెబుతుంది, వినబడదు. దానికి భయం లేదు, అదే నాకు ఎక్కువ భయం.

దేవుణ్ణి నమ్ముకోమని బడిపిల్లలకు పాట నేర్పేవాణ్ణి నేను. నా బిడ్డ దగ్గరికొచ్చేసరికి ఆ పాట గొంతు దాటదు. దాన్ని పంపలేను అక్కా. నన్ను క్షమించు.

ఆదెయ్య

*

పల్లెపాళెం,
20 ఏప్రిల్ 1959.

అక్కా,

నెలన్నర దాటింది, నీ దగ్గరనుంచి అక్షరం లేదు. ఈస్టరుకు కూడా రాయలేదు. నేను బిడ్డను పంపనన్నందుకు కోపం వచ్చి వదిలేశావనుకుంటున్నాను. వదిలేసినా ఇది మాత్రం నీకే రాయాలి, ఇంకెవరికీ రాయలేను.

నిన్న ఆదివారం పొద్దున సద్దన్నం తిన్నాక మార్త కనబడలేదు. వలలు ఆరేసేచోట చూశాను, సరుగుడు తోటలో చూశాను. ఇంటికొచ్చి చూస్తే దేవుడి కుండ ఖాళీ. రేవుకు పరుగెత్తాను. పడవ వెళ్లిపోయింది. బియ్యం మూట నెత్తిన పెట్టుకుని పాప పడవెక్కిందని, అయ్యోరికి చెప్పి వస్తున్నానందని, రేవులో చేపలు ఏరుతున్న చెంచమ్మ చెప్పింది.

రేవులోనే నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఎండకు కాలువ అంతా తెల్లగా అయిపోయింది, అటు ఒడ్డు ఉందో లేదో తెలియలేదు. ఇది కలేమో, మేలుకుంటానేమో అనుకున్నాను. చెంచమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చి చేతిలో పెడితే తాగాను. ప్రార్థన చేద్దామంటే ఒక్క మాట రాలేదు. నోరు తెరిస్తే మార్త పేరే వచ్చింది.

పొద్దు వాలాక పడవ వచ్చింది. మార్త బల్ల మీద ముడుచుకుని, ఖాళీ సంచి తల కింద పెట్టుకుని నిద్రపోతోంది. మాలకొండయ్య దాన్ని ఎత్తి నా చేతుల్లో పెట్టాడు. మూడేళ్లలో మొదటిసారి నాతో మాట్లాడాడు. "అయ్యోరా, ఆ మలుపు కాడ నా చేతులు వొణికినాయి. పాప మాత్రం పోయేటప్పుడూ నిద్రే, వొచ్చేటప్పుడూ నిద్రే. గెడేసేది ఎవురని కూడా చూళ్లా."

ఇంటికొచ్చాక కొట్టాను అక్కా. ఇంతవరకూ ఎన్నడూ చెయ్యెత్తలేదు. ఎవర్ని అడిగి వెళ్లావన్నాను. అది ఏడుస్తూనే, "తోడుంటానని చీటీలో ఉండాది గదా నాయనా, నువ్వే చదివి వినిపించినావు గదా" అంది. కాసేపటికి తనను కొట్టిన నా ఒళ్లోనే తలపెట్టుకుని నిద్రపోయింది. దాని చెంప మీద నా వేళ్ల గుర్తులు అలాగే ఉన్నాయి. దాన్ని కదిపితే లేస్తుందని రాత్రంతా కాలు చాపకుండా కూర్చున్నాను.

ఆదెయ్య

*

బోగోలు,
30 ఏప్రిల్ 1959.

నాయనా ఆదెయ్యా,

నేను నిన్ను వదిలేయలేదురా. నీ మార్చి ఉత్తరం చదివిన రోజునుంచి కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటున్నాను. తేదీ వేస్తాను, నీ పేరు రాస్తాను, చించేస్తాను. మేకపిల్ల ఆ ముక్కలు తిని బలిసింది. ఇవాళ చెప్పేస్తాను. చెప్పకుండా పరలోకానికి పోతే అక్కడ సారమ్మ మొహం ఎలా చూడను?

ఆ చీటీ నేను కళ్లు మూసుకుని తీసింది కాదు.

కళ్లు మూసుకుని మొదట తీసింది వేరే చీటీ. తల్లి బిడ్డను ఓదార్చినట్టు నేను నిన్ను ఓదారుస్తాను అని ఉంది. తల్లి లేని బిడ్డకు తల్లి మాట పంపితే నువ్వు తట్టుకోలేవనిపించింది. ఆ చీటీ మడిచి రవికెలో దోపుకున్నాను. పెట్టె నా ముందునుంచి కదిలిపోతుంటే, కళ్లు తెరిచి, పైపైన చూసి ఇంకొకటి తీశాను. 'తోడుంటాను' అన్న మాట నచ్చింది. 'నీళ్లు' అన్న మాట మీద నా చూపు ఆగనే లేదు. రోడ్డు మీద, రైలు మీద తిరిగేదాన్ని. సారమ్మ నీళ్లలో పోయిందన్న సంగతి ఆ నిమిషంలో నాకు తట్టనే లేదు. కళ్లు మూసుకునే తీశానని నువ్వు అడగకముందే రాశాను చూడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు.

కాబట్టి దేవుడు నీకు ఏ గండమూ ముందుగా చెప్పలేదు. ఆ చీటీ పంపింది మీ అక్క. మన అవ్వ జాతకాలూ పంచాంగాలూ కట్టగట్టి పొయ్యిలో వేసి ఈ దేవుణ్ణి నమ్ముకుంది. మనవడు దేవుడిచ్చే మాటను జాతకం చదివినట్టు చదివాడు. మనవరాలు ఆ దేవుడికే తెలియదనుకుని చీటీ మార్చింది. బాగుంది మన భక్తి!

చెంచమ్మను నేనన్న మాటలకు నా తరఫున తప్పయిందని చెప్పు. గవ్వ కట్టిన చెయ్యి బిడ్డ బాగు కోరి కట్టింది. నా చెయ్యి కూడా బాగే కోరింది గాని, ఆమె చెయ్యి ఎవరినీ మోసం చేయలేదు.

మార్తను ఇంకెప్పుడూ కొట్టకు. కొట్టాల్సింది నన్ను.

ఎలిశబెతు

*

పల్లెపాళెం,
17 మే 1959.

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు కోపంతో ఉన్నాను. నాలుగు నెలలు నిద్రలేకుండా చేశావు. కోపం తగ్గాక గండం లేదు గదా, గుండె తేలికపడుతుందనుకున్నాను. పడలేదు. గండం దేవుడు చెప్పింది కాకపోతే, తోడుంటానన్నదీ ఆయన చెప్పింది కాదు గదా. అంతకుముందు భయానికైనా ఒక ఆధారం ఉండేది. ఇప్పుడు చేతిలో ఏమీ లేదు.

అద్దం దగ్గరికెళ్లి చీటీ తీసేయబోతే మార్త ఎందుకని అడిగింది. దాచడం ఇష్టంలేక ఉన్నదున్నట్టు చెప్పాను, నువ్వు మొదట తీసిన చీటీ సంగతీ చెప్పాను. అది జడ అల్లుకుంటూ విన్నది. "అత్త కళ్లు తెరిచి తీసినా, మూసుకొని తీసినా, రాసుండేది అదే గదా నాయనా" అంది. ఆ మొదటి చీటీ ఏమైనా వేరేనా అని కూడా అడిగింది. అమ్మంటే తోడుండేదే గదా, రెండూ ఒకటే అని తనే తేల్చేసి, చెంచమ్మతో రొయ్యలు ఒలవడానికి వెళ్లిపోయింది.

నేను అద్దం ముందే ఉండిపోయాను. నేను పడవ ఎక్కితే గెడ చూస్తాను, నీళ్లు చూస్తాను, మబ్బు చూస్తాను, గెడ వేసేవాడి చేతులు చూస్తాను. అది ఏమీ చూడదు. దాని మణికట్టు నలిపినవాణ్ణి, చెంప మీద కొట్టినవాణ్ణి, అయినా నా ఒళ్లో తల పెట్టుకోవడానికి అది ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. నాలాంటి తండ్రినే అంత నమ్మింది. నేను దేవుణ్ణి పట్టుకుని, తోడుంటానన్నావు సరే, ఒడ్డు చేరుస్తావా లేదా అని ప్లీడరులా అడుగుతూ వచ్చాను. సిగ్గేసింది అక్కా.

సాయంత్రం రేవుకు వెళ్లి మాలకొండయ్య పక్కన కూర్చున్నాను. అతనే, సారమ్మ చెయ్యి ఒకసారి తన వేళ్లకు తగిలి జారిపోయిందని చెప్పాడు. మూడేళ్లుగా తనకూ ఒక కల వస్తోందట. ఏ కల అని నేను అడగలేదు. చుట్ట ఇచ్చాడు. నాకు అలవాటు లేకపోయినా తీసుకున్నాను.

జూను పన్నెండు, శుక్రవారం బయలుదేరుతున్నాం. భయం పోయిందని రాయను. ఉంది. ఉన్నదానితోనే పడవ ఎక్కుతాను.

తమ్ముడు,
ఆదెయ్య

*

బోగోలు,
21 జూన్ 1959.

తమ్ముడు ఆదెయ్యకు దీవెనలు, ఈసారి ముందే, దండిగా.

నువ్వు వెళ్లాక మార్త ఒక్క పూట మాత్రం అన్నం వద్దంది. మరుసటి పూట రెండుసార్లు పెట్టించుకుంది. బడిలో కుదురుకుంది. మెడలో గవ్వ ఏమిటని పిల్లలు అడిగితే, మా చెంచవ్వ ఇచ్చిందని చెబుతోంది. నేను తీయమనలేదు. బియ్యం కొలిచేటప్పుడు వచ్చి తన పిడికెడు తను తీసి పక్కన పెడుతోంది. నీ ఇంట్లో కుండ ఖాళీగా ఉంచకు, రోజూ అడుగుతోంది.

ఆ మొదటి చీటీ నిన్న దానికి చూపించాను. చెమటకు అంచులు నలిగిపోయాయి గాని అక్షరాలు బాగానే ఉన్నాయి. అది కూడబలుక్కుని చదివి, "ఇది నాయనకు పంపుదాం అత్తా. ఈ యేడు నాయనకు చీటీ లేదు గదా" అంది. నీకు వచ్చింది గదే అన్నాను. "నాకు నువ్వుండావు. నాయనకు ఆడ ఎవురుండారు?" అంది. నేను మేకకు కుడితి పెట్టే పని మీద పెరట్లోకి పోయాను. మన అమ్మ పోయిన రోజు నువ్వు ఎవరి ఒళ్లో పడుకోవాలో తెలియక ఇంట్లో అందరి మొహాలూ చూశావు. అది గుర్తొచ్చింది. చీటీ ఇందులో పెట్టాను. మార్త తన చీటీ వెంట తెచ్చుకుంది, అద్దం చట్రంలో ఆ చోటు ఖాళీగా ఉంటుంది గదా, అక్కడ దోపు.

పడవ ప్రయాణం ఎలా జరిగిందని నువ్వు వచ్చిన రోజు అడిగితే, బాగానే జరిగిందని చెప్పి కాళ్లు కడుక్కోవడానికి పోయావు. దొంగా! అసలు సంగతి మార్త చెప్పింది. దాన్నే రాయమన్నాను. నేను ఒక్క అక్షరం దిద్దలేదు.

నీ అక్క,
ఎలిశబెతు

నాయనకు మార్త రాసేది. నేను బాగుండాను. మేక నా పలక తాడు నమిలింది. చెంచవ్వకు, మాలకొండయ్య మామకు నేను అడిగినానని చెప్పు. పడవలో నువ్వు నిద్రపోయినావని అత్తకు చెప్పినా, కోప్పడొద్దు. మలుపు కాడ మాలకొండయ్య మామ గెడ ఆపి లేపమంటావా అని సైగ చేసినాడు. నేను వద్దన్నా. నిద్రలో నువ్వు నా చెయ్యి వదిలేసినావు. అందుకని నేనే నీ చెయ్యి పట్టుకున్నా.